నా దగ్గుకు పడ్డ చప్పట్లు

అది మంగళవారం, పొద్దుగాల పదకొండు దాటి పది నిమిషాలు. దవాఖాన మీటింగు గదిల గోడ గడియారం చూసే చెప్తున్న. అరవై దాటినంక అక్షరాలు నేర్చిన మనిషిని, గోడ మీద ఏది కనబడ్డా చదవక ఇడువ.

ఆ దినం ఆశ వర్కర్లకు టీబీ మీద ట్రైనింగు. రోగితోటి ఎట్ల మాట్లాడాల్నో నేర్పుతరట. దానికి ఉత్తుత్తి రోగి ఒకడు గావాలె. మా ఊరి ఆశ వర్కరు నాకు కోడలు వరుస. “మామా, జర దగ్గినట్టు చెయ్యి, పగటీలి అన్నం పెడ్తరు” అని గొర్ల కాడ్నుంచి పట్టుకొచ్చింది. నేను నెల దినాల సంది నిజంగనే దగ్గుతున్న. ఆ సంగతి ఎవ్వరికి చెప్పలె. చెప్తే మనుమరాలిని నా పక్కల పండనియ్యరు.

ట్రైనింగు ఇయ్యనొచ్చిన పట్నం సారు నన్ను కుర్చీల కూసోబెట్టి “దగ్గు తాతా” అన్నడు. దగ్గిన. ఇగ ఆగలె, కండ్లల్ల నీళ్లొచ్చినయి. అందరు చప్పట్లు కొట్టిన్రు.

“నాటకాలల్ల ఏసినవా తాతా?”

“గొర్లు కాసిన సారూ.”

ముందుగాల ఒకామె వచ్చింది. నవ్వాలె అని వాళ్ల ట్రైనింగు కాయిదంల ఉన్నదట, నవ్వింది. “మీ బాధ నాకు అర్థమైంది” అన్నది. నేనింకా నోరే తెరువలె. సారు పదికి తొమ్మిది ఏసిండు. రెండో ఆమె తల ఊపుకుంట ఊపుకుంట అడిగేది మర్శిపోయింది. తల మంచిగ ఊపిందని ఎనిమిది. వాళ్ల ఎనుక గోడ మీద కాయిదాన్ని నేను కూడబలుక్కుంట చదువుతున్న: రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి.

మా కోడలి వంతొచ్చింది. కాయిదం ఇంట్ల మర్శొచ్చింది.

“మామా, మొన్న మందల ఒక గొర్రె దగ్గితే ఏం జేసినవ్?”

“వేరే కట్టేసిన. గొడ్ల డాక్టరుకు చూపిచ్చిన.”

“ఎన్ని దినాలకు?”

“దినాలేంది? ఆ పూటనే. ఆగితే మంద మొత్తం పోతది గదనే.”

“మరి నువ్వు దగ్గుకుంట మనుమరాలిని పక్కకేసుకుంటున్నవ్. గొర్రెకున్న విలువ పొల్లకు లేదా?”

నా దగ్గు సంగతి దీనికి ఎప్పుడో తెలిసింది.

సారు చెయ్యి లేపిండు. “అమ్మా, రోగిని గొర్రెతోటి పోల్చొద్దు, గద్దించొద్దు. నాలుగు మార్కులు.”

“మార్కులు నీ ఇష్టం సారూ, ఆ బల్ల మీది తెమడ పరీక్ష డబ్బీ ఇటియ్యి” అన్న.

“చాలు తాతా, నాటకం అయిపోయింది.”

“నీకైపోయింది. నాకు గాలె.”

అప్పుడు కుర్చీలు ఎనుకకు జరిగినయి. మిషన్ తోటి గోడ మీద ఏసే బొమ్మలు మంచిగ కనబడాలని మూసిన కిటికీలు గప్పుడు తెరిచిన్రు.

పరీక్షల టీబీ అనే తేలింది. ఆర్నెల్లు గోలీలు మింగిన. మనుమరాలికి గూడ పరీక్ష జేసిన్రు, ఏం లేదన్నరు.

ఆ దినం గదిల ఉన్నోళ్లు: పట్నం సారు, తొమ్మిది తెచ్చుకున్నామె, తల ఊపినామె, చప్పట్లు కొట్టిన తతిమ్మ ఆశ వర్కర్లు, చాయ్ పోసే ఆయమ్మ, నాలుగు మార్కుల మా కోడలు, ఉత్తుత్తి రోగిగ పోయిన నేను. పేర్లు రాయ. గోలీలకు ఆ దవాఖానకే తిరిగిన, రేపు మల్ల దగ్గొస్తే ఆడికే పోవాలె.