వాలు చూసే రఘుపతి

ఇచ్చిన మంచినీళ్లు తాగని మనిషి నారాయణపేటలో రఘుపతి ఒక్కడే. ఎవరింటికి పోయినా చెంబు అందుకుని బయటికి నడుస్తాడు. గోడ పక్కన నీళ్లు పోసి, ఎటు పారుతాయో వంగి చూస్తాడు. గోడవైపు పారాయా, ఆ ఇంటివాళ్ల పని అయిపోయినట్టే.

"ఇల్లు కట్టిండ్రా, చెరువు కట్టిండ్రా? జర వాలు చూసుకోవద్దా?" అని కయ్యానికి దిగుతాడు. మేనల్లుడి వెంట పెళ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల ఎట్లుందని అడిగితే, "పిల్లకేంది, బంగారం. వాళ్ల గచ్చే బాగలేదు" అన్నాడు. ఆ సంబంధం వాళ్లే వద్దన్నారు.

పక్కింటి కౌసల్యకు ఈయనంటే ఒళ్లుమంట. అసలే ఆమె కడుపు మండిపోయి ఉంది. ఏ మహానుభావులో, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సీసీ రోడ్డు వేసి, ఆమె ఇంటిని పల్లంలో కూర్చోబెట్టారు. వాన పడితే గోడ పక్కన నీళ్లు నిలిచి, కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంతలోకి ఊరుతాయి. నిరుడు పడుగంతా పాడైంది. ఈసారీ పాడైతే షావుకారు ఇక నూలు ఇవ్వనన్నాడు.

అందుకే గోడ పొడుగునా కొత్త గచ్చు చేయించింది. రఘుపతి చెంబెడు నీళ్లు పోసి చూశాడు.

"గోడకే వస్తున్నయి చెల్లె. పగలగొట్టాలె."

"నీ నోట్ల మంచి మాటే రాదా అన్నా? నా గచ్చు జోలికొస్తే మర్యాద దక్కది!"

మర్నాడు ఆమె పొద్దున బజారుకు పోయి సాయంత్రం వచ్చేసరికి గచ్చు లేదు. గోడ పక్కన మట్టి ఎత్తి కుదించి, మూరెడు దూరంలో కాలువ తీసి ఉంది. కౌసల్య కొంగు బిగించింది. అంతలో వాన దంచడం మొదలైంది. కయ్యం పక్కనపెట్టి మగ్గం దగ్గరికి ఉరికింది. ఎంతసేపు చూసినా గుంతలో చుక్క లేదు.

అయినా కోపం తగ్గలేదు. చెప్పాపెట్టకుండా పగలగొడతాడా? గొడుగు వేసుకుని కాలువ వెంట బయలుదేరింది. కాలువ పోయి పోయి, రఘుపతి ప్రహరీ కింద కొత్తగా పొడిచిన కంతలో దూరింది. అటువైపు, మొన్ననే పరిచిన రంగు రాళ్లు పెకిలించి, రఘుపతి తన వాకిలి నట్టనడుమ నుంచి వెనక మోరీలోకి నీళ్లకు దారి ఇచ్చాడు.

ఆయన భార్య నాగరాణి బురద ఊడుస్తూ శివాలెత్తి ఉంది. "ఊరందరి వాలు చూసెటోడు సొంతిల్లు మోరీ చేసిండు! ఏమన్నంటే, ఆమె మగ్గం తడుస్తది, మన వాకిలేమన్న చీర నేస్తదా అంటడు!"

"రెండు దినాలే బురద. తర్వాత తేట నీళ్లే" అన్నాడు రఘుపతి, గడ్డపార మీద ఆనుకుని.

నాగరాణి ఇంకో చీపురు తెచ్చి, తిట్టడానికి వచ్చిన కౌసల్య చేతిలో పెట్టింది.

"ఏం చూస్తున్నవే? గివి నీ నీళ్లే కదా. ఊకు!"

కౌసల్య కొంగు దోపింది. అడగకుండా గచ్చు పగలగొట్టినందుకు రఘుపతిని తిడుతూనే, వాన వెలిసేదాకా ఆయన వాకిలి ఊడ్చింది.