చేపల తొట్టిలో రేసు కారు

నానక్‌రామ్‌గూడలో నేనూ నా ఆఫీసు స్నేహితురాలూ ఒకే ఫ్లాట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఆఫీసు క్యాబ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ఇద్దరం ఫోన్లలో కారు పందెం ఆడేవాళ్లం. బయట మా బండి అంగుళం కదిలేది కాదు. లోపల మాత్రం మలుపు మలుపుకీ పల్టీలు. ఇంతలో గోపన్‌పల్లిలో ఉన్న వాళ్లక్కకు కాన్పయింది. సాయానికి ఆమె అక్కడికే మారిపోవాలి.

"పోయేలోపల ఒక్కసారన్న పెద్ద తెర మీద ఆడాలె" అంది.

గేములాడే కంప్యూటర్ కొంటానని నేను ఏడాదిగా అంటున్నాను. ఆ మాటతో అనడం మాని కొనడంలో పడ్డాను. నిజానికి, కొనకుండా ఉండటంలో.

నా ఉద్యోగం టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ విరుగుతాయో వెతకడం. ఆ జబ్బును జేబుకూ అంటించుకున్నాను. ఒక మదర్‌బోర్డు నచ్చిందంటే, దాన్ని తిట్టే వీడియో దొరికేదాకా నాకు మనశ్శాంతి ఉండేది కాదు. ప్రాసెసర్లో కోర్లు పెరిగేకొద్దీ నా కోరికలూ పెరిగేవి; బడ్జెట్ మాత్రం పెరగనని మొండికేసేది. మీటింగులో మైకు ఆపేసి పవర్ సప్లైలు పోల్చేదాన్ని. ఖాజాగూడ చెరువు పక్కన నడకకు వెళ్లినా కాళ్ల కన్నా బొటనవేలే ఎక్కువ నడిచేది.

"ఏందే, పెండ్లి సంబంధాలు సూస్తున్నవా?" అనేది ఆమె.

"ఉండు మే, వచ్చే సేల్‌లో గ్రాఫిక్స్ కార్డు ధర తగ్గుతుందంట."

"నువ్వు గిట్లనే సూస్తుండు. నేనైతే ఆదివారం పోతున్న."

ఆదివారం అనగానే లెక్కలన్నీ మళ్లీ వేశాను. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే బడ్జెట్‌లో సగం మింగేస్తోంది. దాన్ని సేల్ దాకా ఆపి, తెరతో సహా మిగతావి కొనేద్దామనుకున్నాను. మా ఆట చిన్నదే కదా, కార్డు లేకున్నా తెర మీద బొమ్మను ప్రాసెసరే చూపిస్తుంది. ఆ ప్రాసెసర్ రెండు రకాల్లో దొరుకుతోంది. వేగం ఒకటే, ఒకటి మాత్రం కాస్త చవక. ఎందుకు చవకో అడగాలని ఇంత టెస్టర్‌కూ తట్టలేదు. మిగిలినదానితో ఈ భాగాలన్నీ బిగించే అద్దాల పెట్టె, అదే క్యాబినెట్, రంగులు మార్చే ఫ్యాన్లు తీసుకున్నాను.

ఆదివారం పొద్దున వీడియో చూస్తూ మంచం మీదే అన్నీ బిగించాను. ఆమె టార్చి పట్టుకుంది.

"కంప్యూటర్ తెమ్మంటే చేపల తొట్టి తెచ్చినవేందే?"

మీట నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగులు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ర్యామ్ పీకి పెట్టాను, తీగలు మార్చాను, దేవుడికీ దండం పెట్టాను. చివరికి ప్రాసెసర్ అట్టపెట్టె తిప్పి చదివితే తెలిసింది: ఈ చవక రకంలో బొమ్మ చూపించే భాగమే ఉండదు. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండి తీరాలి.

చెబితే నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. "ఫికర్ చెయ్యకు. చేపలేసుకుందాం తియ్."

అంతలో కింద ఆటో హారన్ కొట్టింది. ఆమె లేచి, తన సంచిలోంచి రెండు జాయ్‌స్టిక్‌లు తీసింది. నాకు తెలియకుండా ఎప్పుడో కొని దాచిందట. ఒకటి నా ఒళ్లో పడేసి, రెండోది మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఇది నాతాన్నే ఉంటది. నువ్వు బొమ్మ తెప్పియ్యి."

మర్నాడు షాపుకు వెళ్లి, నా డబ్బుకు వచ్చే గ్రాఫిక్స్ కార్డు ఏది ఉంటే అది ఇమ్మన్నాను. వీడియోలు చూడలేదు, ధరలు పోల్చలేదు. ఫోన్ బ్యాగు అడుగున పెట్టి జిప్పు లాగేశాను. వేళ్లు మాత్రం దారంతా జిప్పు మీదే ఆడాయి.

శనివారం క్యాబినెట్‌ను ఒళ్లో పెట్టుకుని గోపన్‌పల్లికి షేర్ ఆటో ఎక్కాను. గుంత వచ్చినప్పుడల్లా కార్డు ఊడిందేమోనని అద్దంలోంచి తొంగి చూశాను.

"చేపలేవక్కా?" అన్నాడు డ్రైవర్.

"గోపన్‌పల్లిలో ఉంది అన్నా, ఒకటే."

ఆమె జాయ్‌స్టిక్ పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. "సప్పుడు చెయ్యకు, పాప పండుకున్నది."

వాళ్లక్క టీవీకి తీగ కలిపి మీట నొక్కాను. తెర వెలిగింది. శబ్దం లేకుండానే పందెం మొదలైంది. మొదటి మలుపులోనే నా కారు గోడకు గుద్దుకుంది. ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది.

ఆ కార్డు సేల్‌లో ఎంత తగ్గిందో చూద్దామని ఒక్క క్షణం ప్రాణం లాగింది. చేతులు ఖాళీ లేవు.