గెలుపు దాచుకున్న ఓనెసీమ్

ఓనెసీమ్‌కి ఒకటే జబ్బు: చుక్కల బిళ్ళలతో ఆడే డొమినోల్లో దొంగాట. మయామీలోని లిటిల్ హైతీ పేటలో మంగలికొట్టు వెనక ఆడేవాళ్ళంతా బిళ్ళల్ని వదిలేసి అతని చేతులకేసే చూసేవారు. దొరికిపోయినప్పుడల్లా "కళ్ళు మసకలే" అనేవాడు. ఓడినవాడి చెవులకి బట్టల క్లిప్పులు తగిలించడం అక్కడి ఆచారం. ఒకసారి ఆటకొచ్చిన పాస్టరుగారు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నంతలో ఓనెసీమ్ మూడు బిళ్ళలు మార్చేశాడట. ఆ ఆదివారం పాపం ఆయన కందిపోయిన చెవులతోనే ప్రసంగం చేశారు.

టాక్సీ నడిపే విల్నేర్ ఈమధ్య ఆటలోంచి మాటిమాటికీ లేచి దొడ్డివైపు వెళ్తున్నాడు.

"ఏరా, సముద్రం నువ్వే నింపుతున్నావా?" అన్నాడు ఓనెసీమ్.

"చలి."

మయామీలో ఒళ్ళు ఉడికిపోయే ఆగస్టు అది.

"మీ నాన్న కూడా పోయేముందు చలి అనే అన్నాడు."

విల్నేర్ తన బిళ్ళలు సర్దుకున్నాడు. తండ్రి మంచం పట్టినప్పుడు ఇంట్లో ఎవరూ ప్రోస్టేట్ క్యాన్సర్ అన్న మాట పలకలేదు, పలికితే మిగతా మగాళ్ళకీ అంటుకుంటుందన్నట్టు.

"చర్చి ముందు పరీక్షల వ్యాను ఆగింది. పద."

"లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగుతున్నాలే. అక్కడికి వెళ్ళినవాడు మగాడిగా తిరిగి రాడు."

"ముందు తీసేది రక్తమేరా."

"రక్తంతో మొదలెట్టి ఎక్కడ ఆపుతారో."

"అయితే పందెం. ఓడినవాడు వ్యాను ఎక్కాలి. భయమైతే మానెయ్."

నలుగురూ చూస్తుంటే భయమని ఎలా అంటాడు? విల్నేర్ రెప్ప వేయకుండా ఆడాడు. చివరికి ఓనెసీమ్ "వేసే బిళ్ళ నా దగ్గర లేదు" అని బల్ల తట్టాడు. విల్నేర్ ఆఖరి బిళ్ళ వేసి గెలిచాడు. ఓనెసీమ్ ఓడిపోవడమా! మంగలి నమ్మలేక కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"సూదంటే నాకు భయంరా, తోడు రా," అన్నాడు ఓనెసీమ్, చెవులకి క్లిప్పులు వేలాడుతుండగా.

వ్యానులో నర్సు "ముందు అవి తీసెయ్యండి" అంది. ఓనెసీమ్ క్లిప్పులు తీసి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. టప్పున ఒక బిళ్ళ కింద పడింది. విల్నేర్ తీసి చూశాడు. ఐదూ మూడూ. అది వేసి ఉంటే ఆట ఓనెసీమ్‌దే.

"గెలిచే బిళ్ళ దాచావా?"

"నువ్వు ఓడితే ఇంటికి పారిపోయేవాడివి. ఈ పరీక్ష నేను పోయినేడే చేయించుకున్నాను. మగాణ్ణో కాదో మా ఆవిడ ఇవ్‌రోజ్‌ని అడుగు."

నర్సు నవ్వాపుకుంటూ సూది అందుకుంది. "ముందు ఎవరు?"

విల్నేర్ ఆ బిళ్ళని జేబులో వేసుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.

"ముందు నాకు తీసి, పేరు రాసి భద్రంగా పెట్టమ్మా. వీడు రక్తం కూడా మార్చేస్తాడు."