అడిగిన గదులు మూడు

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు. చాటున మాత్రం మొండి పిన్ని. నలభై శాఖల రూటర్లూ ఇరవయ్యేళ్లుగా ఆవిడ చేతిమీదే నడుస్తున్నాయి. పక్క కుర్చీలో కేబుళ్లు చూసుకునేవాణ్ణి నేను.

మా సంస్థ అధ్యక్షుణ్ణి పెద్దాయన అంటాం. నెలకోసారి గంటసేపు ప్రసంగిస్తాడు. దాన్ని శాఖలన్నిటి తెరలకూ చేర్చే ఏర్పాటు పిన్నిదే. మల్టీకాస్ట్ అంటారు. బయలుదేరేది ఒక్కటే ప్రతి. దారి చీలినచోట రూటరే దాన్ని రెండు చేస్తుంది. అదీ అవతల గదిలో ఎవరో మీట నొక్కి కావాలంటేనే. అడగని గది గడప తొక్కదు. ఏ గది ఎప్పుడు అడిగిందో, ఎప్పుడు ఇక చాలందో పిన్ని తెరమీద పట్టికలో పడుతూనే ఉంటుంది.

ఆ నెల ప్రసంగం అయ్యాక పెద్దాయన ఓ శాఖకు ఫోన్ చేసి, ఎలా మాట్లాడానని అడిగాడట. "తెరమీద ఏమీ రాలేదండీ" అన్నారట. ఇంకో శాఖదీ అదే మాట.

మర్నాడు మా మేనేజరు ఓ కాగితం పట్టుకొచ్చాడు. 'రూటర్లలో లోపం వల్ల ప్రసారం అందలేదు.' కింద పిన్ని సంతకానికి చోటు.

"పెట్టేయమ్మా, పెద్దాయన చల్లబడతాడు."

"లోపం లేదు సార్."

"ఉందనుకో. నీ సొమ్మేం పోయింది?"

"ఇరవయ్యేళ్ల పేరు పోతుంది సార్."

"పెట్టకపోతే రేపట్నించి నీ కుర్చీ కింది అంతస్తు స్టోరు గదిలో ఉంటుంది!"

పిన్ని తెర ఆయనవైపు తిప్పింది. "నిన్న అడిగిన గదులు మూడు, మూడూ ఇక్కడివే, శాఖల్లో ఒక్కటీ అడగలేదు. క్యాంటీను, కాపలావాళ్ల గది, మా గది. మూడింటికీ అందింది."

"మరి నా గది?" అన్నాడు మేనేజరు. అనకుండా ఉండాల్సింది.

"మీరే వెతుక్కోండి సార్."

ఆయన వేలు పట్టికమీద పైకీ కిందికీ తిరిగింది. నాకు నవ్వాగలేదు.

"నువ్వేం నవ్వక్కర్లేదు నాయనా," అంది పిన్ని. "మన గదిలో మీట నొక్కింది నువ్వే. నొక్కి, సౌండు కట్టేసి, గంటసేపూ గుర్రు పెట్టావు."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిన్ని ఆ కాగితం అందుకుని, ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, 'లోపం లేదు. అడిగిన గదులు మూడు, అందిన గదులు మూడు' అని రాసి, అప్పుడు సంతకం పెట్టింది. నకలు పెద్దాయనకు పంపింది.

అన్నట్టే కుర్చీ కిందికి దించారు. మోసింది నేనే. తీరా చూస్తే పెద్ద రూటరు ఉండేది ఆ స్టోరు పక్క గదిలోనే.

"మెట్లు దిగే పని తప్పింది," అంది పిన్ని.

తర్వాతి నెల ప్రసంగం అవగానే, ఎవరూ అడక్కుండానే, ఆ కుర్చీలోంచే పెద్దాయనకు పట్టిక పంపింది. ఈసారి గదులు నాలుగు. నాలుగోది మేనేజరుది, పన్నెండు నిమిషాలు. ఆ నిమిషాలు కూడా వదలకుండా రాసింది.