స్టూలు మాస్టారి పదకొండు గంటలు

పత్రికాఫీసులో పాత సంచికలు వెతికే డేటాబేసు ఎవరివల్ల మొరాయించినా, స్టూలు చంకన పెట్టుకుని వాళ్ల బల్ల దగ్గర తిష్ఠ వేయడం దాన్ని చూసుకునే మాస్టారి జబ్బు. తెర మీద "మెమరీ పరిమితి దాటింది" అని పడితే, ఆ పరిమితి కాస్త పెంచి ఊరుకోవచ్చు. ఆయన మూడంతస్తులైనా ఎక్కేవాడు. స్టూలు కనబడగానే విలేకరులు బల్లల కింద దూరి, పారేసుకోని పెన్నులు వెతుక్కునేవారు.

"అసలు నీకేం కావాలి నాయనా?"

"వరదల వార్తలండీ."

"ఎన్ని?"

"అన్నీ."

"అన్నీ చదువుతావా?"

"లేదండీ, ఒక్క ఫొటో చాలు."

"దానికోసం నలభై ఏళ్ల పేపరంతా డేటాబేసు నెత్తికెత్తావా!"

ఆయన రిటైరై రెండు నెలలైంది. స్టూలు, ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యురాలికి మిగిలింది. దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఆ స్టూలు కాళ్ల చప్పుడు లేక ఆఫీసు బోసిపోయింది. ఆయన చీవాట్ల మీద కూడా ఆమెకు బెంగ పట్టుకుంది.

పైగా ఆయన వెళ్లినప్పటినుంచి రోజూ పదకొండింటికి డేటాబేసు చేతులెత్తేస్తోంది.

"ఎవరో చూసి, సాయంత్రానికల్లా వాళ్లకి సెర్చ్ ఆపేయ్," అన్నాడు మేనేజరు.

ఆపేయబోయి ఆమె ఆగింది. స్టూలు చంకన పెట్టుకుంది.

ఆమె వెళ్లింది ప్రూఫులు దిద్దే పెద్దావిడ బల్ల దగ్గరికి. తెర మీద ఒకటే మాట: గొడుగు.

"గొడుగేంటండీ?"

"మా ఆయన ఇక్కడే వాతావరణం వార్త రాసేవారమ్మా. పేరు వేసేవారు కాదు. నేను రోజూ గొడుగు మర్చిపోతానని చివర్లో 'గొడుగు మరవకండి' అని రాసేవారు. మండుటెండల్లో కూడా! ఆయన పోయాక అవన్నీ ఒకచోట చేర్చుకుందామని..."

"అన్నీ ఒకేసారి అడుగుతున్నారా?"

"మాస్టారైతే రోజూ పదకొండింటికి వచ్చి, నెల చొప్పున తీసిపెట్టేవాడు. నాకా కిటుకు తెలీదు. సొంత పనంటారని ఎవరికీ చెప్పొద్దన్నాను."

ఏ ఎర్రరూ లేని రోజున కూడా పదకొండింటికి ఆయన స్టూలుతో ఎక్కడికి మాయమయ్యేవాడో ఆమెకు అప్పుడర్థమైంది. వెంటనే ఫోన్ చేసింది.

"మాస్టారూ, రోజూ పదకొండింటికి..."

"స్టూలు తీసుకెళ్లావా?"

"దాని మీదే కూర్చున్నాను."

"అమ్మయ్య! రెండువేల పదహారు ఆగస్టు దాకా అయింది. సెప్టెంబరు నుంచి అందుకో. ఒక్కో నెలే అడుగు."

"మీరు లేకపోతే ఏం బాగాలేదు మాస్టారూ."

"మబ్బు పట్టింది," అన్నాడాయన. "ఆవిడ గొడుగు తెచ్చుకుందేమో చూడు."

ఆమె అడగ్గానే పెద్దావిడ నాలుక కరుచుకుంది.