నాకు తెలీదు ఆంటీ

వెస్ట్‌మీడ్ స్టేషన్లో రైలెక్కిన ఓ తెలుగు పెద్దావిడ నా ఒళ్లో న్యాయశాస్త్రం పుస్తకం చూసి పక్కన కూర్చుంది. లాయర్లకు సాయంచేసే పారాలీగల్ కోర్సులో అప్పుడే చేరాను. అయినా సగం లాయరునైనట్టు కాలుమీద కాలేసుకున్నాను.

"ఇల్లు ఖాళీ చేస్తామని సైన్ చెయ్యమంటున్నాడు బాబూ ఓనరు. చెయ్యనా?"

సలహా నాలుక చివరిదాకా వచ్చింది. లాయరు కానివాడు న్యాయసలహా ఇవ్వకూడదన్నది మా మొదటి పాఠం. మింగేశాను.

"నాకు తెలీదు ఆంటీ. ఫ్రీగా చెప్పే లాయర్లున్నారు, చూపిస్తా."

ఆవిడ నవ్వింది. "ఇప్పటిదాకా అడిగిన మనవాళ్లందరికీ తెలుసు నాయనా! సగంమంది చెయ్యమన్నారు, సగంమంది వద్దన్నారు. పద, నీతోనే వస్తా."

రైలు దిగి అక్కడికెళ్లాం. లాయరు గదిలోకెళ్తూ కూరగాయల సంచీ నా చేతికిచ్చింది. నాకు అప్పగించిన మొదటి కేసు అదే. ఆవిడ సంతకం పెట్టకుండా, తేలికపడ్డ ముఖంతో బయటికొచ్చేదాకా జాగ్రత్తగా పట్టుకున్నాను.