సేటు పీకి చూపించే వైరు

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను. బాధపడింది మా అమ్మ ఒక్కతే, సార్లందరూ ఊపిరి పీల్చుకున్నారు. సూర్యాపేటలో కేబుళ్లు లాగే పనిలో పడ్డాను. కోదాడలో ఉండే మా అక్క భర్త మాత్రం కంప్యూటర్ చదువు చదివాడు. మా జట్టులో బుర్ర ఆయనది, నిచ్చెన నాది.

ఒకసారి వడ్ల సీజన్ మొదట్లో మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి బావకు పిలుపొచ్చింది. అక్కడ మూడు సర్వర్లు జట్టుగా పనిచేస్తాయి. ట్రాక్టర్లను తూచే కాంటా లెక్కలు, గోదాం స్టాకు, ఆఫీసు పనులు దేనికది ఒక వర్చువల్ మెషిన్, అంటే సొంత డబ్బా లేని కంప్యూటర్. అవన్నీ ఆ మూడు సర్వర్లలో కిరాయికి ఉన్నట్టు ఉంటాయి. అయితే ఒక్కో సర్వర్‌కు ఒకటే నెట్‌వర్క్ వైరు. వెనకటి సీజన్‌లో ఒక ఎలుక దాని రుచి చూసేసరికి కాంటా ఆగి, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయట.

బావ చెప్పిన మందు పేరు బాండింగ్. ఒక్కో సర్వర్‌కు రెండు వైర్లు వేసి, రెండూ కలిపి ఒకటే దారి అని దాన్ని నమ్మించడం. ఒకటి తెగినా రెండోది మోస్తుంది.

"వడ్లొస్తున్నయ్. కాంటా ఆగితే మీ కాంట్రాక్టు వేరేటోళ్లకు ఇస్త," అన్నాడు మిల్లు యజమాని సేటు. ఏడాది పొడుగునా మిల్లు కంప్యూటర్లు చూసుకునే ఆ కాంట్రాక్టు మీదే బావ ఇల్లు నడుస్తోంది.

"నడిచే మెషిన్‌కు వైరెట్ల మారుస్తవ్ బావా? ఉరికే బండికి టైరు మార్చినట్టా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుని నిచ్చెనెక్కు. గది ఖాళీ చేయించి సున్నం వేస్తారు చూడు, అలాగే."

నిజంగా అలాగే చేశాడు. ఒక సర్వర్‌లో ఉన్నవాటిని పని ఆపకుండానే మిగతా రెండింటిలోకి సాగనంపాడు. ఖాళీ అయినదాని ముందు మానిటర్ పెట్టుకుని కూర్చున్నాడు. పాత వైరు మీదున్న నెట్‌వర్క్ అడ్రసు తీసి, రెండు వైర్లు కలిసిన బాండ్ మీదికి మార్చాడు. ఆ మధ్యలో సర్వర్ ఎవరికీ పలకదు, అందుకే దాని ఎదురుగా కూర్చునే చేయాలట. నేను రెండో వైరును వేరే దారిన వేరే నెట్‌వర్క్ స్విచ్‌కు లాగాను, ఒకే ఎలుకకు రెండూ అందకుండా. మిగతా రెండు సర్వర్లకూ అదే వరస. కాంటా ఆగలేదు.

సేటు నమ్మలేదు. "ఒకటి పీకి సూపియ్."

బావ పీకాడు. బయట ట్రాక్టర్ తూగుతూనే ఉంది. సేటు మొహంలో అంత నవ్వు తాను కొనే వడ్ల ధర పడిపోయిన రోజు కూడా చూడలేదు.

ఇక చూడండి. మిల్లుకు ఎవరొచ్చినా ముందు చాయ్, తర్వాత సర్వర్ గది. వైరు పీకడం, "సూసిన్రా, ఆగలే," అనడం.

"టికెట్ పెట్టున్రి సేటూ," అన్నాను. నవ్వాడు గానీ మానలేదు.

ఒకరోజు కాబోయే వియ్యంకుడు వచ్చాడు. నేను అదే గదిలో నిచ్చెన మీద వైర్లకు క్లిప్పులు కొడుతున్నాను. సేటు కాంటా నడిచే సర్వర్ వైరు ఒకటి పీకి, చేత్తో ఊపుతూ చెబుతున్నాడు. వియ్యంకుడికి హుషారొచ్చింది.

"నేను గూడ పీకి సూస్త," అంటూ అదే సర్వర్‌కున్న రెండోది లాగేశాడు.

బయటి నుంచి కాంటా గుమాస్తా గొంతు వినిపించింది. "సేటూ, ఆగింది." వెనకే ట్రాక్టర్ల హారన్లు.

వియ్యంకుణ్ని సేటు ఏమంటాడు? బావకు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టాడు. "ఏం బాండింగయ్యా నీది, ఆగిపాయె. ఇగ నీ కాంట్రాక్టు ఖతం."

"ఏ వైరు పోయిందండీ?" అన్నాడు బావ.

నేనే నిచ్చెన దిగాను. "ఏదీ పోలే బావా. ఒకటి సేటు చేతిల ఉన్నది, ఇంకోటి వియ్యంకుడిగారి చేతిల ఉన్నది. రెండూ మంచిగనే ఉన్నయ్."

ముందు నవ్వింది వియ్యంకుడే. ఆయన నవ్వాక సేటుకు నవ్వక తప్పలేదు. ఇద్దరి చేతుల్లోంచి వైర్లు తీసుకుని ఎక్కడివక్కడ పెట్టాను. వాళ్ల చాయ్ చల్లారక ముందే కాంటా లేచింది.

"మూడో వైరు గూడ ఎయ్యరాదా?" అన్నాడు సేటు ఫోన్‌లోకి, మెల్లగా. "పెండ్లికి సుట్టాలు మస్తు మంది వస్తరు."

కాంట్రాక్టు బావకే ఉందని అప్పుడు అర్థమైంది.

"వైరొద్దు సేటుగారూ, గదికి తాళం వేయించండి," అన్నాడు బావ.

వేయించాడు. తాళంచెవి మాత్రం సేటు జేబులోనే ఉంది.